ఎడమ భుజం గోడవైపు

తెల్లవారి పాల ప్యాకెట్ కత్తిరించకముందే ఓబుళమ్మ వంటగది చుట్టూ ఒకసారి తిరిగి వస్తుంది. ఖతర్ దేశపు ఐన్ ఖాలిద్‌లోని ఆ పాత విల్లాను వాటాలుగా విడగొట్టినప్పుడు, వీళ్ళ వాటాలో వంటగది సరిగ్గా ఇంటి నడిమధ్యకు వచ్చింది. దాని చుట్టూ మనిషి ఒక్కరు పట్టేంత నడవ. ఆ నడవలో, వంటగది గోడల వెలుపలి వైపున, ఓబుళమ్మ మరిచిపోయినవన్నీ శిల్పాలుగా తేలుతుంటాయి.

మొదట పోయింది బక్షాలు చేసే పద్ధతి. ఒకరోజు పిండి కలిపి, పూర్ణం ముద్దలు చేసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక చేతులు చూసుకుంటూ నిలబడిపోయింది. మర్నాటికి గోడ మీద రెండు చేతులు, ఒక అరిటాకు, దాని మీద పలచగా సాగుతున్న బక్షం, వేలి లోతున చెక్కినట్టు కనిపించాయి. ఆ తర్వాత చిన్ననాటి స్నేహితురాలి ముఖం తేలింది. ఆ తర్వాత ఆళ్ళగడ్డ బస్టాండు నుంచి ఇంటికి వెళ్ళే దారి, మలుపులతో సహా. మామూలు సిమెంటు గోడే, కానీ శిల్పం లేచిన చోట మాత్రం లేత గులాబీ ఇసుకరాయి.

కాంపౌండ్ వాచ్‌మన్ ఖయ్యూమ్ నిజామాబాద్ మనిషి. ఏసీ బాగు చేయించడానికి వచ్చి చూసి ఒకటే మాటన్నాడు.

“ఖాళీ చేసేటప్పుడు పుట్టీ కొట్టిచ్చి రంగేయించాలె మేడమ్. ఓనర్ ఊకోడు.”

పక్క వాటాలో ఉండే సుమలతది జగిత్యాల. ఆమె ఆ గోడను చూసే బక్షాలు నేర్చుకుంది. చేసినప్పుడల్లా ఓ నాలుగు తెచ్చి ఓబుళమ్మకు పెడుతుంది. “బాగుండాయమ్మే, ఎవరి దగ్గర నేర్చినావు?” అని ఓబుళమ్మ అడుగుతుంది. గోడెక్కింది మళ్ళీ ఆమెలోకి దిగదు. చూస్తే అందరిలాగే చూడాలి, ఎవరి కథో అన్నట్టు.

అందుకే ఆమెకు పొద్దున్నే ఆ భయం. నడవలో కొత్తగా ఏమీ లేవలేదని తెలిశాకే గుండె కుదుటపడుతుంది. అప్పుడు నాలుగు మూలలా పెట్టిన ప్లాస్టిక్ గిన్నెల్లో నీళ్ళు నింపుతుంది.

“ఏందమ్మా ఈ నీళ్ళు? ఇల్లంతా చెమ్మ వాసన” అని కూతురు అనిత విసుక్కుంటుంది. అనిత అల్ ముంతజాలో ఒక క్లినిక్‌లో నర్సు. అల్లుడు సాయిబాబు సముద్రం మీద గ్యాసు రిగ్గులో పనిచేస్తాడు, వచ్చినప్పుడు వస్తాడు. ఇంకా మాటలు సరిగా రాని మనుమరాలు చందన పగలంతా అవ్వ చేతిలోనే.

“మీ నాయన చెప్పలేదా?” అంటుంది ఓబుళమ్మ. “ఆ గుడి నిలబడింది ఇసుక మీద. ఇసుక తడిగా ఉన్నంతసేపూ రాయికన్నా గట్టి. అందుకే చుట్టూ ఏరంత అగడ్త తవ్వి నీళ్ళు నిలిపినారు. నీళ్ళింకిపోతే ఇసుక జారుతుంది, పైన రాయి కుంగుతుంది. ఇక్కడంతా పొడి ఇసుకే గదమ్మా.”

ఆమె భర్త కేశవాచారి ఆళ్ళగడ్డ శిల్పి. కంబోడియాలోని అంకోర్ గుడిని బాగుచెయ్యడానికి మన దేశం నుంచి మనుషులు వెళ్ళిన కాలంలో, రాతిపని జట్టులో ఆయనా వెళ్ళాడు. వచ్చినాక బతికినన్నాళ్ళూ అన్నం దగ్గర కూర్చుంటే ఆ గుడి గురించే. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదనేవాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి, నీళ్ళు పోస్తూ, రెండూ ఒకటయ్యేదాకా రుద్దారట. రాళ్ళు ఎక్కడో కొండల్లో కొట్టి కాలవల మీద తెప్పలెక్కించి తెచ్చారట. కూలిన చోట ప్రతి రాయికీ గుర్తు వేసి, కింద పరిచి, ఏది దేని పక్కదో కనిపెట్టి మళ్ళీ పేర్చారట. ఓబుళమ్మ చదివింది ఐదో తరగతి. ఆయన మాటలు విని విని, ఆయన పోయాక ఆ గుడి మీద దొరికిన పుస్తకమల్లా చదివింది. ఒక్కసారి కూడా చూడని గుడిలో ఆమె కళ్ళు మూసుకుని తిరగగలదు. మిగతావి ఏవి గోడెక్కినా అది మాత్రం ఇంతవరకు ఎక్కలేదు.

ఎండలు ముదిరిన ఒక రోజు, అనిత డ్యూటీ నుంచి వచ్చేసరికి చందన మంచం మీద తడిబట్టల్లో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. ఒక కాలికే చెప్పు. ఓబుళమ్మ పక్కన కూర్చుని విసనకర్ర విసురుతోంది. గుమ్మం బయట బాషా నిలబడి ఉన్నాడు, చొక్కా తడిసిపోయి.

బాషాది రాయచోటి. పక్క విల్లాలో ఖతరీ పెద్దాయన దగ్గర హౌస్ డ్రైవర్. ఆ పెద్దాయనను అందరూ బాబా అంటారు. బాబా కారు వీళ్ళ ప్రహరీ నీడలోనే ఆగుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంటే చందన కారు చల్లదనానికి చేతులు చాపేది. బాషా అప్పుడప్పుడు ఎత్తి కాసేపు కూర్చోబెట్టుకునేవాడు.

“ఏమైంది బాషా?”

“కూరగాయలు లోపల ఇచ్చేదానికి పోయినా అక్కా. బండి ఆన్‌లోనే ఉన్నింది. వచ్చి ఆపి, లాక్ చేసి నమాజ్‌కు పోయినా. తిరిగొస్తే వెనక అద్దానికి చిన్న చెయ్యి కనపడింది. ఎట్ల ఎక్కిందో నాకు తెల్దు. సత్తెంగా తెల్దు.”

“నువ్వెక్కడుంటివమ్మా?”

ఓబుళమ్మకు పొద్దున దోసెలు పోసింది గుర్తుంది. విసనకర్ర గుర్తుంది. ఆ రెంటికీ నడుమ ఏమీ లేదు.

పిల్లను క్లినిక్‌కు తీసుకుపోయారు. బతికి బయటపడింది. మర్నాడు పొద్దున ఓబుళమ్మ పాల ప్యాకెట్ పట్టుకుని నడవలోకి వచ్చేసరికి మూడు గోడల మీద మూడు పెద్ద శిల్పాలున్నాయి, పాతవాటి కింద నడుమెత్తున. వంటగది తలుపున్న గోడ మాత్రం ఖాళీగా ఉంది. ఇంతకు ముందు తేలినవన్నీ ఒంటిబొమ్మలు. కథలా వరసగా తేలడం ఇదే మొదలు.

అనిత చూసింది. సుమలతను పిలిచింది. ఇద్దరూ తలుపు దగ్గర మొదలుపెట్టి, గుడిలో తిరిగినట్టే కుడి భుజం గోడకు ఆనేలా తిరిగారు. ఇంకోలా తిరగొచ్చని ఎవరికీ తోచలేదు. మొదటి గోడ మీద చందన మెట్ల మీద కూర్చుని ఉంది, అవ్వ పక్కన కొంగుతో విసురుతూ. రోజూ మధ్యాహ్నం వాళ్ళు కూర్చునే మెట్లే. రెండో గోడ మీద బాషా పిల్లను ఎత్తుకుని పోతున్నాడు. మూడో గోడ మీద కారు, వెనక సీట్లో పిల్ల, తెరిచిన తలుపు పట్టుకుని లోపలికి వంగిన అవ్వ.

“అయ్యో, గీ డ్రైవరే ఎత్కపోయిండు” అంది సుమలత. “ఆటకే ఎత్కపోయి ఉంటడు తియ్యి, మర్సి తాళమేసిండు. అవ్వ సూసి తలుపు తీయించింది గాబట్టి పోరి బతికింది.”

సాయంత్రానికి ఆ మాట కాంపౌండ్ అంతా పాకింది. బాబా స్వయంగా వచ్చాడు. చెప్పులు విడిచి, ముందు నడుస్తున్న అనిత వెంట అదే దారిన నడవ చుట్టూ తిరిగాడు. కుడి నుంచి ఎడమకు చదివే అలవాటున్న ఆయనకు ఆ వరస సహజంగానే తోచింది. పోతూ పోతూ ఓబుళమ్మ వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. బాషాను పోలీసుల దాకా తీసుకుపోననీ, కానీ వారాంతం లోపల ఇంటికి పంపేస్తాననీ ఖయ్యూమ్‌తో చెప్పించాడు.

“ఒకసారి వచ్చి గోడ చూడరాదు?” అని ఖయ్యూమ్ బాషాను అడిగాడట.

“నేను చేసింది నాకు తెల్సు. గోడనడిగేదేముంది?” అన్నాడట బాషా.

ఓబుళమ్మను చూస్తే ఇప్పుడు కాంపౌండ్‌లో అందరూ ఆగి పలకరిస్తున్నారు. సుమలత బక్షాలు తెచ్చింది. “నువ్వు లేకుంటే పోరి ఏమయ్యేదో అవ్వా” అంది. ఓబుళమ్మ తిన్నది గానీ నోటికి రుచి తెలియలేదు. తాను చేసిన మంచిపని తనకు కొంచెమైనా గుర్తుండొద్దా అని ఆమె బాధ.

గురువారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక గిన్నెల్లో నీళ్ళు నింపుతూ ఆమె నడవలోకి వచ్చింది. చివరి మూలలో గిన్నె బరువై చెయ్యి తిమ్మిరెక్కింది. వెనక్కు తిరిగి, గోడకు ఎడమ భుజం ఆనించి నిలబడింది. ఆ భుజానికి రాయి చల్లగా తగలగానే భర్త గొంతు అన్నం దగ్గర మాట్లాడినట్టే వినబడింది.

“మొదటి రోజు నేనూ మన అలవాటున ప్రదక్షిణమే చేసినానే. నరకం ముందొచ్చె. యమభటులు, మేకులు, మంటలు. దాని తర్వాత సూర్యవర్మ రాజు ఏనుగెక్కి ఊరేగింపు. ఇదేందిరా, నరకంలో నుంచి తేలిగ్గా బయటపడి ఏనుగెక్కినారే అనుకున్నా. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వినాడు. ఆ గుడి మొఖం పడమటికి. పోయినోళ్ళ దిక్కు. దాన్ని ఎడమ భుజం గోడవైపు పెట్టి తిరగాల. అప్పుడే కథ కథ మాదిరి వస్తాది.”

ఓబుళమ్మ గిన్నె కింద పెట్టింది. తలుపు దగ్గరికి పోయి, ఎడమ భుజం గోడవైపు పెట్టి నడిచింది.

మొదటి గోడ మీద కారు. తలుపు తెరిచి ఒక ముసలామె వంగి ఉంది. ముక్కుకు బేసరి, కొంగు బొడ్లో దోపుకుంది. అది తానే. ఆమె చేతులు పిల్ల చంకల కింద ఉన్నాయి. ఆ చేతులు లాగుతున్నాయో పెడుతున్నాయో అని ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. వేళ్ళు వదులుతున్నాయి. పిల్ల రెండు కాళ్ళకూ చెప్పులున్నాయి, సీతాకోకచిలుక బొమ్మ చెప్పులు. ముసలామె మోచేతికి బకాలాకు సరుకులు తెచ్చేందుకు తీసుకుపోయే గుడ్డసంచి వేలాడుతోంది.

రెండో గోడ మీద బాషా. నోరు తెరిచి పరిగెత్తుతున్నాడు. పిల్ల తల వాలిపోయి ఉంది. ఒక కాలికే చెప్పు.

మూడో గోడ మీద మెట్లు. అవ్వ కొంగుతో విసురుతోంది. పిల్ల ఒక పాదం బోసిగా ఉంది.

ఓబుళమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఏమీ గుర్తు రాలేదు. గుర్తు రానవసరం లేదు, చదివితే తెలుస్తోంది. ఎండకు పిల్ల కందిపోతుందని, చల్లగా ఉన్న కారులో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, బకాలాకు పోయి ఉంటుంది. అక్కడ ఎందుకొచ్చిందో మరిచిపోయి, వెనక గేటు నుంచి ఇల్లు చేరి ఉంటుంది. పొయ్యి వెలిగించి ఉంటుంది.

ఈ మాట చెప్పాలి. చెప్తే, పిల్లను ఇక ఎవరు వదులుతారు తన దగ్గర? చందన చెయ్యి పట్టుకునే పని లేకపోతే ఈ ఇంట్లో తాను ఎందుకు? ఆ పిల్ల ఒక్కటే రోజంతా ఆమెను పేరు పెట్టి పిలిచినట్టు “అవ్వా, అవ్వా” అని కట్టి ఉంచేది. అది కూడా పోతే ఇసుక ఎటు జారుతుందో.

చెప్పకపోతే బాషా పోతాడు. పసిబిడ్డను కారులో పెట్టి తాళమేసినోడన్న పేరుతో రాయచోటిలో దిగుతాడు.

ఆమె కొంగుకు ముడి వేసుకుంది. అనితకు ఫోన్ చేసింది, డ్యూటీలో ఎత్తరు. సుమలతను పిల్ల దగ్గర కూర్చోమని చెప్పి, పక్క విల్లా గేటు పక్కన ఉండే బాషా గదికి పోయింది. దారంతా గొణుక్కుంటూనే ఉంది: ఎడమ భుజం, ఎడమ భుజం.

బాషా అట్టపెట్టెకు టేపు చుడుతున్నాడు. ఆమెను చూసి లేచి, మంచం మీద బట్టలు జరిపాడు.

“రా అవ్వా, కూచో. సులేమానీ పెడ్తా.”

“వద్దు నాయనా.”

“నా చేతి టీ తాగేవాళ్ళు ఈ వారంలో ఎవరూ రాలేదు. నువ్వన్నా తాగు.”

ఆమె కూర్చుంది. అతను టీ చేతికిచ్చి, కిటికీలో నుంచి ఏదో తీశాడు.

“ఇది సీటు కింద దొరికింది. బండి కడుగుతాంటే.”

సీతాకోకచిలుక చెప్పు. ఓబుళమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

“పాప తింటాందా అవ్వా?”

“తింటాంది.”

“చాలు పో. నేనెట్లన్నా బతుకుతా. మా అమ్మకేం చెప్పాలనేదే తెల్దు. ఫోన్లో ఏడుస్తాంది, నువ్వు అట్లాంటోడివి కాదు గదరా అని. అట్లాంటోణ్ణి కాదని నాకు మాత్రం ఎట్ల తెలుస్తాది ఇప్పుడు? అంతమంది గోడ చూసి చెప్తాంటే, ఒక్కోసారి నేనే ఎత్తుకుపోయినానేమో అనిపిస్తాది.”

మాట ఆమె నాలుక దాకా వచ్చింది. టీ గ్లాసు అంచు మీద ఆగిపోయింది. ముందు బిడ్డ తల్లికి చెప్పాలి, అనుకుంది. అనిత నాలుగింటికి వస్తుంది. తల్లికి చెప్పి, తర్వాత ఈ పిల్లోడికి చెప్తాను. అది న్యాయం. అట్లా అనుకోగానే ఒళ్ళు తేలికయింది, అందుకు సిగ్గేసింది కూడా.

“పోయొస్తా నాయనా. సాయంత్రం మళ్ళీ వస్తా. నువ్వు యాడికీ పోవాకు.”

“నేనెక్కడికి పోతా అవ్వా, వాళ్ళు పంపేదాకా.”

ఎండలో నడిచి వచ్చి, చెప్పును వంటింటి గట్టు మీద పెట్టింది. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎడమ భుజం, ఎడమ భుజం అనుకుంది. పిల్ల లేచింది. పాలు పట్టింది. కుక్కర్ కూసింది. ఎడమ అనుకుంది. ఎడమ ఏమిటో అనుకుంది. కొంగు ముడి చూసి, ఇదెవరు వేశారో అనుకుంది.

అనిత వచ్చి చెప్పులు విడుస్తూనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న తలుపు గోడ మీద ఆమె నాయన ఉన్నాడు. నడుముకు ఉలి దోపుకుని, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, పొడుగాటి రాతి నడవలో నడుస్తున్నాడు. ఎడమ భుజం గోడను రాసుకుంటోంది. ఎడమ అరచెయ్యి శిల్పాల మీద ఉంది. ఆయన వెనక, అదే పక్కకు, కొంగుకు ముడి వేసుకున్న ఒక ముసలామె.

అనిత నాయన ముఖాన్ని వేళ్ళతో తాకింది. ఆయన పోయాక ఇంత దగ్గరగా చూడటం ఇదే. ఆమెకు ఆ గుడి కథలు పెద్దగా తెలియవు, అన్నం దగ్గర విని విని లేచిపోయేది. కానీ నాయన ఎటు నడుస్తున్నాడో కనిపిస్తోంది. బ్యాగు కింద పెట్టి, ఆయన మాదిరే ఎడమ భుజం గోడకానించి నడిచింది.

ఒకసారి చుట్టి వచ్చింది. మళ్ళీ చుట్టింది. రెండోసారి పిల్ల కాళ్ళే చూసింది. రెండు చెప్పులు, ఒక చెప్పు, ఒక చెప్పు. వంటింటి గట్టు మీద ఇన్నాళ్ళూ కనపడని ఆ రెండో చెప్పు ఉంది. అనిత దాన్ని చేతిలోకి తీసుకుంది.

ఓబుళమ్మ పిల్లను చంకనేసుకుని నడవలోకి వచ్చింది. కూతురు ముఖం చూసి, కూతురు చూస్తున్న గోడ చూసింది. కారు తలుపు దగ్గర వంగిన మనిషిని పరీక్షగా చూసింది.

“ఎవరే ఆ ముసలామె?” అంది. “బిడ్డను కారులో కూచోబెట్టి పోతాందే. ఆ బిడ్డ తల్లికి చెప్పినారా లేదా?”

అనిత చేతిలోని చెప్పు మీద ఇసుక తుడిచింది.

“చెప్పినారమ్మా” అంది. “ఇప్పుడే తెలిసిందంట.”

“పాపం, ఆ ముసలిదానికి ఎవరూ లేరేమో.”

“ఉండారు” అంది అనిత. “బిడ్డను ఇట్లియ్యి.”

పిల్లను ఎత్తుకుని, ఆ చెప్పు పట్టుకుని, ఆమె పక్క విల్లా గేటుకు పోయింది. బాబా పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యాక వచ్చాడు. ఈసారి అనిత ఆయన్ను తలుపు దగ్గర నిలబెట్టి, ఎటు తిరగాలో చేత్తో చూపించింది. ఎడమ భుజం లోపలికి పెట్టి తిరగడం హజ్‌లో అట్లాగే చుట్టి వచ్చిన ఆయనకు కొత్త కాదు. తిరిగి వచ్చి నేరుగా బయటికి నడిచాడు. బయట బాషా ఉన్నాడు. బాబా అతని తల దగ్గరికి లాక్కుని నుదుట ముద్దుపెట్టాడు. ఆ రాత్రి అట్టపెట్టె టేపు విప్పేశారు.

శుక్రవారం బాషా డ్రిల్లింగ్ మిషన్, స్టూలు తెచ్చాడు. అనిత చెప్పిన పనికి అతను మొదట ఒప్పుకోలేదు. “ఇంకెవరితోనన్నా పెట్టించుకో అక్కా, నా చేత్తో వద్దు” అన్నాడు. అనిత స్టూలు జరిపి తలుపు దగ్గర పెట్టింది. డ్యూటీ మార్పించుకుని రాత్రులకు పోతానని, రాత్రి సుమలత వచ్చి పడుకుంటుందని, పగలు తనే ఉంటానని, నిద్రపోయే వేళకు మాత్రం ఇది కావాలని ముందే చెప్పింది. అతను స్టూలెక్కాడు. వీధి తలుపుకు, మామూలు గడియకు చాలా పైన, కొత్త గడియ బిగిస్తున్నాడు.

ఓబుళమ్మ స్టూలు పట్టుకుని నిలబడింది, ఒక చేత్తో చందన చెయ్యి పట్టుకుని.

“ఇంకొంచెం పైన పెట్టు నాయనా” అంది. “ఈ పిల్ల ఎగిరి అందుకుంటాది. ఒక్కటే బయటికి పోయిందంటే ఇంకేమన్నా ఉందా.”

“అట్లనే అవ్వా” అన్నాడు బాషా. తల కిందికి దించలేదు.

స్క్రూలు బిగించి దిగాడు. ఓబుళమ్మ గడియ వైపు చెయ్యి చాపి చూసింది. వేళ్ళు అందలేదు. తృప్తిగా తలూపి, చాపిన చెయ్యి దించుకుంటూ నిన్నటి చీర కొంగు చూసుకుంది.

“నాయనా, ఈ ముడి ఎందుకు వేసుకున్నానో నీకేమన్నా తెల్సునా? పొద్దున్నుంచి ఆలోచిస్తాండా. ఎవరికో ఏదో చెప్పాల.”

బాషా మిషన్ కింద పెట్టాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, బిగిసిపోయిన ఆ ముడిని గోళ్ళతో మెల్లగా సడలించాడు.

“నాకే అవ్వా” అన్నాడు. “చెప్పేసినావు.”